గడప ఇవతలి ఆకు

వంట మాస్టరు బ్రహ్మయ్య సంచి సర్దుకుంటున్నాడు. నీలంరంగు రెక్సిను సంచి అది, జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. రెండు లుంగీలు, నాలుగు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను, పటం కట్టించిన దేవుడి బొమ్మ, అన్నిటి మీదా గుడ్డలో చుట్టిన సొంత అట్లకాడ. వంటింటి వెనక గుమ్మానికి ఇవతల, పెరట్లో నిలబడి దేవమణి చూస్తోంది. దండెం మీద ఆరిన అతని తువ్వాలు తీసి, మడతపెట్టి, రాతిగడప మీద ఉంచి రెండడుగులు వెనక్కి జరిగింది. అతను వచ్చి తీసుకున్నాడు. పదకొండేళ్లుగా ఆ గడప మీద వస్తువులు ఇలాగే చేతులు మారుతున్నాయి.

“అన్నీ పెట్టుకున్నారా మాస్టరుగారూ? తలనొప్పి మాత్రలు గూట్లో ఉన్నాయి.”

“పెట్టుకున్నా.”

“దుప్పటి?”

“నందిగామలో దుప్పటి ఇస్తారు, గదీ ఇస్తారు. ఫ్యాను ఉన్న గది. దశరథరామయ్య హోటలంటే ఇట్టా రేకుల షెడ్డనుకున్నావా?”

ఎవరు సంచి సర్దుకున్నా దేవమణికి బెంగ. ఈ మనిషి తనని ఏనాడూ పేరుపెట్టి మంచిగా పిలిచింది లేదు. అయినా అంతే. పోయేవాళ్లు ఏదో ఒకటి మర్చిపోతే దానికోసమైనా వెనక్కొస్తారని ఆమెకో వెర్రి ఆశ. మర్చిపోయినవన్నీ గుర్తుచేసి మరీ చేతికిచ్చేదీ ఆమే.

గరికపాడులో, హైదరాబాదు రోడ్డు పక్కన నూర్ మహమ్మద్ హోటలు అది. ముందు తాటాకు పందిరి, డ్రైవర్లు నడుం వాల్చడానికి నులకమంచాలు. వెనక రేకుల వంటిల్లు. దాని వెనక పెరడు. పెరట్లో గిన్నెలు తోమేది, కట్టెలు చీల్చేది, కూరలు తరిగేది దేవమణి. తరిగినవి గడప మీద పెడితే బ్రహ్మయ్య నాలుగు నీటిచుక్కలు చిలకరించి లోపలికి తీసుకుంటాడు. గడప దాటి రావద్దన్నది అతను చేరిన రోజున పెట్టిన షరతు. యజమాని నూర్ మహమ్మద్ దానికి అవుననలేదు, కాదనలేదు.

“మూడు కట్టలు ఆకు కోసివ్వు,” అన్నాడు బ్రహ్మయ్య. “రేపు అక్కడ ప్రారంభం. ఊరి పెద్దలంతా వస్తారు. బ్రహ్మయ్య చేతి ఆవాకు తినిపిస్తానని దశరథరామయ్య అందరికీ చెప్పుకున్నాడు.”

గిన్నెలు కడిగిన నీళ్లు పారే కాలవ పక్కన మూడు మడుల్లో ఆవ పెరుగుతోంది. పోపుల డబ్బాలో ఆవాలు చల్లితే వచ్చే సన్నాకు కాదు. అరచేతికి రెండింతలుండే వెడల్పాకు, అంచులు ముడతలు ముడతలు. డ్రైవర్లందరూ పెద్ద సర్దారు అని పిలిచే ముసలి లారీ డ్రైవరు ఒక చలికాలం గుడ్డముక్కలో ముడేసి ఆ విత్తనం పంజాబు నుంచి తెచ్చి, పెరట్లో ఉన్న మనిషి చేతిలో పోశాడు. ఆ మనిషి దేవమణి.

ఆమె కొడవలి పుచ్చుకుని ఇంకా పూతకు రాని మొక్కలే ఏరి కోసింది. అరటినారతో కట్టలు కట్టింది. తల ఎత్తకుండానే అంది.

“మాస్టరుగారూ, ఈ ఆకుని ఇట్టాగే తరిగి పొయ్యి మీద పెట్టకూడదండి. ముందు దీన్ని…”

“పదకొండేళ్లు ఇదే ఆకు వండినవాడికి నువ్వు నేర్పుతావా?” అతను కోపంగా అనలేదు. నవ్వుతూ అన్నాడు. “కానీ, కానీ. బస్సొచ్చే టైమైంది.”

ఆమె కట్టలు గడప మీద పెట్టింది. అతను నీళ్లు చిలకరించి సంచిలో కుక్కుకున్నాడు.

ముందు పందిట్లో నూర్ మహమ్మద్ చివరిసారి బతిమాలాడు. “శనివారం దాకా ఆగరాదూ బ్రహ్మయ్యా. ఇంకొకర్ని చూసుకుంటా.”

“ఆగితే అక్కడ పొయ్యి ఇంకొకడు ముట్టిస్తాడు సాయిబూ. నీకు తెలియందేముంది, ఇక్కడికొచ్చే జనం నా చేతివంట కోసం వస్తున్నారు. నీ తాటాకులు చూసి కాదు.”

జగ్గయ్యపేట బస్సు ఆగింది, ఎక్కాడు. పేటలో నందిగామ బస్సు అందుకుంటాడు. దేవమణి పెరటి మూల నుంచి బస్సు వెనకద్దం కనపడినంతసేపూ చూసింది.

అది బుధవారం. పది దాటింది. నూర్ బల్ల మీద కూలబడి కాసేపు రోడ్డుకేసి చూశాడు. “పొయ్యి ఆర్పెయ్ దేవమణీ,” అన్నాడు చివరికి. “ఇవాళ్టికి భోజనాలు లేవని బోర్డు పెడతా.”

“సాయంత్రం సర్దార్ల బళ్లొస్తాయండి.”

“వచ్చి ఏం తింటారు? నిన్నూ నన్నూనా?”

దేవమణి గడప ఇవతల నిలబడి కొంగు వేలికి చుట్టి విప్పింది. “నేను వండుతానండి,” అంది.

“గడప అవతల్నుంచి చూస్తే వంటొస్తుందా?”

“చూసి కాదండి. వాసనని బట్టి. పప్పులో ఉప్పు చాలకపోతే పెరట్లోకి తెలుస్తుంది.”

నూర్ గడ్డం గోక్కున్నాడు. “నాకేం అభ్యంతరం లేదమ్మా. నిన్ను లోపలికి రావద్దని నేనెప్పుడన్నా అన్నానా? బ్రహ్మయ్య ఒప్పుకునేవాడు కాదు.”

“మీరు రమ్మనీ అనలేదు గదండి.”

ఆ మాట నోరుజారి వచ్చేసింది. పనీ పోయింది, పెరడూ పోయింది అనుకుంది. నూర్ లేచి వంటింట్లోకి నడిచి, వెనక గుమ్మం దాకా వచ్చి, పక్కకి ఒరిగి దారిచ్చాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

“రా,” అన్నాడు.

ఆమె తొట్టి దగ్గర కాళ్లు రెండుసార్లు కడుక్కుని లోపలికి అడుగేసింది. పదకొండేళ్లు బయటి నుంచి చూసిన వంటిల్లు లోపలికొస్తే చిన్నగా ఉంది. గోడ కింద ఉప్పు జాడీ, పొయ్యి మీద డేగిసా, చూరుకి వేలాడే చిల్లుల గరిటె. తను రోజుకి రెండుసార్లు తోమే గిన్నెలే, లోపల దేని చోట అది ఉంది. పోపుల డబ్బా మాత్రం ఎక్కడుందో తెలియక వెతుక్కుంది.

ఆకు పని మాత్రం వెతుక్కోనక్కర్లేదు. ప్రతి ఆకుకీ నడిమి ఈనె తీసేసింది. ఆకుని సన్నగా తరిగి చేటలో పోసి, గుప్పెడు కల్లుప్పు చల్లి, చపాతీ పిండి మర్దించినట్టు రెండు చేతులా నలిపింది. గరగరలాడే ఆకు మెత్తబడి, నల్లబడి, చెమట పట్టింది. అరగంట వదిలేసి గట్టిగా పిండితే ముదురాకుపచ్చ పసరు కారింది. చేదంతా, ముక్కుకెక్కే ఘాటంతా ఆ పసరులోనే పోతుంది. పిండిన ఆకుకి మూడో వంతు చుక్కకూర కలిపి, ఉడికే నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి వార్చింది. ముద్ద చేసింది. ఇన్నాళ్లూ పెరట్లో నీళ్లు కాచే పొయ్యి మీద ఇలాగే వార్చి, గడప మీద ఆమె పెట్టినది ఈ ముద్దే. బ్రహ్మయ్య దాన్ని తరిగిన ఆకు అనుకునేవాడు.

మధ్యాహ్నం భోజనాలు లేవన్న బోర్డే ఉంది. సాయంత్రం నాలుగు లారీలు ఆగాయి. ముద్దని మెదిపి, వెల్లుల్లి తాలింపు పెట్టి, చిక్కదనానికి రెండు గుప్పెళ్లు జొన్నపిండి జల్లి, మూత లేకుండా సన్నసెగ మీద ఉడకనిచ్చింది. రొట్టెలు కొంచెం వంకరపోయాయి. ఒకటి మాడింది. నూర్ పళ్లేలు పట్టుకెళ్లాడు. ఆమె తడిక సందులోంచి చూసింది.

పెద్ద సర్దారు ఇరవై ఏళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. “బ్రహ్మయ్య ఏడీ?” అన్నాడు రొట్టె తుంచుతూ.

“ఊరెళ్లాడు.”

సర్దారు ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మూడు రొట్టెలు తిని నాలుగోదానికి చెయ్యి చాపాడు.

“బ్రహ్మయ్య వెళ్లిపోయాడు,” అన్నాడు పక్కవాడితో. “ఆకు మాత్రం ఇక్కడే ఉంది.”

తడిక వెనక దేవమణి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొయ్యి మీద రొట్టె ఇంకొకటి మాడింది.

సర్దార్ల సంగతి వేరు, మధ్యాహ్నం భోజనాల సంగతి వేరు. రోడ్డు అవతల మార్కెట్టు చెక్‌పోస్టు గుమాస్తా అనంతపద్మనాభం, అతని కింద పనిచేసే ఇంకో కుర్ర గుమాస్తా రోజూ ఒంటిగంటకి వచ్చి విస్తళ్ల ముందు కూచుంటారు. వాళ్ల వెనకే ఊళ్లో నలుగురూ వస్తారు. గురువారం ఆవాకు పప్పు. కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించి, ఆకు ముద్ద ఆఖర్న కలిపి, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టింది. ముందే కలిపితే పప్పు ఉడకదు, ఆకు రంగు నిలవదు.

అనంతపద్మనాభం మొదటి ముద్ద తిని, కళ్లజోడు సర్దుకుని విస్తరికేసి చూశాడు. “ఎవరయ్యా వండింది? బ్రహ్మయ్య పోయాడన్నారు?”

నూర్ నెయ్యి గిన్నె పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. “కొత్త మాస్టరండి. జగ్గయ్యపేట నుంచి వచ్చాడు.”

ఆ మాట వంటింట్లోకి స్పష్టంగా వినపడింది. దేవమణి పొయ్యిలో కట్టె ఒకటి వెనక్కి లాగి, మళ్లీ ముందుకి తోసింది.

అందరూ వెళ్లాక నూర్ వచ్చి నీళ్లకుండ దగ్గర నిలబడ్డాడు. “ఏమనుకోకు. వాళ్లు లేచిపోతే ఊరి జనమంతా లేచిపోతారు. నాలుగు రోజులు అలవాటు పడనీ. అప్పుడు చెబుదాం.”

“అలవాటు పడ్డాక చెబితే మోసం చేశామంటారండి.”

“మరేం చెయ్యమంటావు?”

తన పేరు చెప్పమని అడగడానికి ఆమెకి సిగ్గేసింది. ఈ వయసులో పేరు దేనికి అని తనకి తనే చెప్పుకుంది. కానీ చేతులు గిన్నె తోముతుంటే, జగ్గయ్యపేట నుంచి వచ్చిన ఆ లేని మగమనిషి మీద కోపం పొంగుకొచ్చింది. గిన్నె అడుగు అరిగేట్టు తోమింది.

శుక్రవారం చింతపండు పులుసు పెట్టి, అందులో ఆకు ముద్దా, కాస్త బెల్లమూ వేసింది. పండుమిర్చి, నువ్వులు దంచి పిండిన పచ్చి ఆకుతో పచ్చడి నూరింది. అనంతపద్మనాభం పచ్చడి మూడుసార్లు వేయించుకున్నాడు.

“ఆ మాస్టర్ని ఒకసారి బయటికి రమ్మను సాయిబూ, మొహం చూద్దాం.”

“ఆయనకి సిగ్గండి.”

“మగాడికి సిగ్గేమిటయ్యా? పెళ్లిచూపులా?”

పందిరంతా నవ్వింది. నూర్ కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. లోపల దేవమణికీ నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే నందిగామ కబురు తెలిసింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు చెప్పాడు. ప్రారంభం రోజు దశరథరామయ్య హోటల్లో ఆకుకూర నోట్లో పెట్టుకున్న పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి చేతులు కడిగేసుకున్నారట. వేపాకు నమిలినట్టుందట.

డ్రైవర్లు నవ్వుకున్నారు. దేవమణి నవ్వలేదు. గట్టిగా చెప్పి ఉండాల్సింది, బస్సు దాకా వెంటబడి అయినా చెప్పి ఉండాల్సింది అని రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకుంది. ఆదివారం తీరిక చేసుకుని నందిగామ వెళ్లి చెప్పి రావాలనుకుంది.

ఆమె వెళ్లనక్కర్లేకపోయింది. శనివారం ఒంటిగంటన్నరకి, పందిట్లో ఎనిమిది విస్తళ్లు పరిచి ఉండగా, బ్రహ్మయ్య బస్సు దిగాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో నీలం సంచి. అందులోంచి ఒక ఆకుకట్ట తీసి అనంతపద్మనాభం విస్తరి పక్కనే బల్ల మీద పడేశాడు. ఆకు వాడిపోయింది, అరటినార ముడి మాత్రం అలాగే ఉంది.

“నీ పనిమనిషి ఏం చేసిందో చూడు సాయిబూ. నామీద కడుపుమంటతో చేదాకు కోసిచ్చింది. ఇరవై మంది ముందు నా పరువు తీసింది. రేపటికి సరిగ్గా చెయ్యకపోతే సంచి సర్దుకోమన్నాడు దశరథరామయ్య.”

“చేదాకేమిటయ్యా?” అన్నాడు అనంతపద్మనాభం. “మూడు రోజులుగా ఇదే ఆకు తింటున్నాం. మీ కొత్త మాస్టరు బ్రహ్మాండంగా చేస్తున్నాడు.”

“ఏ కొత్త మాస్టరు?”

నూర్ చేతిలో పప్పు గిన్నె ఉంది. గిన్నెలోకే చూస్తున్నాడు.

వంటింట్లో దేవమణి అన్నీ విన్నది. లోపలే ఉండిపోతే ఈ మాటలు కాసేపటికి సద్దుమణుగుతాయి. పొయ్యి నిలుస్తుంది. కానీ కావాలని చేదాకు ఇచ్చిందన్న మాట కూడా నిలిచిపోతుంది. ఆమె చేట తీసుకుంది. ఉప్పు జాడీ చంకన పెట్టుకుంది. ఎన్నడూ అడుగుపెట్టని ముందు పందిట్లోకి నడిచి, అందరి మధ్యా నేల మీద చతికిలబడింది.

“ఆ కట్ట ఇట్టా ఇవ్వండి మాస్టరుగారూ.”

బ్రహ్మయ్య కదల్లేదు. నూర్ తీసి ఆమెకిచ్చాడు.

ఆమె నార విప్పింది. ఈనెలు చీల్చింది. ఆకు తుంపింది, ఉప్పు చల్లింది, నలిపింది. ఆమె తొందరపడలేదు. పందిట్లో తినేవాళ్లు తినడం ఆపి చూశారు. రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆకు చేతుల్లో మెత్తబడి చెమర్చింది. ఆమె గుప్పిట బిగించి పిండింది. పసరు చేట అంచు మీదుగా నేల మీదికి ధారకట్టింది.

“మీరు చేదన్నది ఇదండి,” అంది నేల మీది తడిని చూపించి. “ఆకు అదే. బుధవారం నా చేత్తో కోసిచ్చిందే. ఇది తియ్యకుండా పొయ్యి మీద పెట్టారు.”

“ఇన్నేళ్లూ ఇది ఎవరు తీశారు?” అన్నాడు బ్రహ్మయ్య. అడిగాక అతనికే అర్థమైంది. సంచి కింద పెట్టాడు.

“గడప ఇవతల జరిగే పనండి. మీరెప్పుడూ ఇటు చూళ్లేదు. బుధవారం చెప్పబోతే వినలేదు.”

అప్పుడు నూర్ మహమ్మద్ గిన్నె బల్ల మీద పెట్టాడు. “పద్మనాభంగారూ, కొత్త మాస్టరెవరూ లేరండి. నేను అబద్ధమాడా. ఈ మూడు రోజులూ వండింది దేవమణే. ఇప్పుడు మీరు తింటున్నదీ ఆమె వండిందే.”

కుర్ర గుమాస్తా విస్తరికేసి చూసి, లేచి, తొట్టి దగ్గరికి వెళ్లి చెయ్యి కడుక్కుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. వెనక బల్ల మీద ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనంతపద్మనాభం చేతిలో కలిపిన ముద్ద ఉంది. దాన్ని కొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. దేవమణి చేట అంచు గట్టిగా పట్టుకుని తల దించుకుంది.

“ఏదమ్మా, ఆ నలిపిన ఆకు కాస్త ఇటు వెయ్యి,” అన్నాడాయన. “పచ్చిది ఎట్టా ఉంటుందో చూద్దాం.”

ఆమె తల ఎత్తింది. ఆయన విస్తరి ఆమె వైపు జరిపాడు. దేవమణి తన చేత్తో, అందరూ చూస్తుండగా, చిటికెడు ఆకు తీసి ఆయన విస్తట్లో పెట్టింది. ఆయన దాన్ని పప్పన్నంలో కలుపుకుని తిన్నాడు.

“చేదు లేదు బ్రహ్మయ్యా,” అన్నాడు. “సాయిబూ, ఇంకో గరిటె పప్పు. మా ఆవిడ వైదేహికి ఇది రాదు. అమ్మా, ఒకసారి పేటలో మా ఇంటికొచ్చి చూపించాలి నువ్వు.”

వెనక బల్ల వాళ్లు కూడా పప్పు అడిగారు. విస్తళ్లలో మళ్లీ చేతులు కదిలాయి.

భోజనాలయ్యాక బ్రహ్మయ్య మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు. తినమంటే ఆకలి లేదన్నాడు. ఆవ మడుల ముందు కాసేపు నిలబడ్డాడు. తను పదకొండేళ్లు వండిన మొక్కని దగ్గర్నుంచి చూడటం అతనికదే మొదటిసారి. దేవమణి లోపల రెండు కట్టల కొత్త ఆకు నలిపి, పిండి, చుక్కకూర కలిపి, వార్చి, పెద్ద ముద్ద చేసి అరటాకులో చుట్టింది. అలవాటుకొద్దీ గడప మీద పెట్టింది. ఈసారి లోపలి వైపు ఆమె ఉంది, పెరటి వైపు అతను ఉన్నాడు.

అతను ఆమె వెనక్కి జరుగుతుందని ఎదురుచూశాడు. ఆమె జరగలేదు. అతను వంగి పొట్లం తీసుకున్నాడు. నీళ్లు చిలకరించలేదు.

“రేపటికి ఇది సరిపోతుంది,” అంది దేవమణి. “కానీ రోజూ నేను పంపలేను గదండి. రేపు పొద్దున్నే ఆరింటికి రండి, పక్కన నించుని చూడండి. రెండు రోజుల్లో చేతికొస్తుంది. ఇందులో కష్టమేం లేదు.”

“వస్తా,” అన్నాడు.

“తువ్వాలు పెట్టుకున్నారా?”

“పెట్టుకున్నా.”

రెండున్నర బస్సు ఎక్కాడు. జిప్పు పడని సంచిలోంచి అరటాకు కొస బయటికి కనపడుతోంది. ఆమె ఈసారి పెరటి మూల నుంచి కాదు, ముందు పందిట్లో నిలబడి చూసింది.

ఆదివారం ఆరింటికి పొయ్యి దగ్గర రెండు పీటలు వేసింది. ఏడింటికి ఒకటి తీసేసింది. మధ్యాహ్నం నూర్ బయటి నల్లబల్ల తుడిచి సుద్దతో రాస్తుంటే, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంది: దేవమణి ఆవాకు పప్పు. ఒకసారి చదివి, లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చి చదివింది. ఆ చలికాలం పూత వచ్చేదాకా ఒక్కరోజు కూడా ఆ రాత చెరగలేదు. మరుసటి ఏడు జగ్గయ్యపేట నుంచి వైదేహితో కలిసి అయిదుగురు ఆడవాళ్లు వచ్చి పెరట్లో చేటలు ముందేసుకుని కూచున్నారు, వెళ్తూ విత్తనాలు కొంగున కట్టుకున్నారు. కుర్ర గుమాస్తా ఆరు నెలలకి తిరిగొచ్చి, ఏమీ అనకుండా తన పాత చోట్లో కూచున్నాడు. పెద్ద సర్దారు లారీ రెండువేల నాలుగు దాకా ప్రతి చలికాలం ఆగింది.

బ్రహ్మయ్య మాత్రం నేర్చుకోవడానికి రాలేదు. పంతొమ్మిది వందల తొంభై ఏడు డిసెంబరు పదమూడు, శనివారం, రెండున్నర బస్సుకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.